కొరడాకీ కొరడాకీ మధ్య



ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో ఆ మాస్టారు చరిత్ర పాఠంలో రాజుల వరస దగ్గర ఎక్కువసేపు ఆగేవారు కాదు. యుద్ధం గురించి చెబితే సైనికులకి వంట ఎవరు చేశారని అడిగేవారు. కోట గురించి చెబితే ఆ రాళ్ళు మోసినవాళ్ళు రాత్రిళ్ళు ఎక్కడ పడుకున్నారని అడిగేవారు. అమెరికా బానిసత్వం గురించి మాట్లాడమన్నప్పుడు నాకు ఆ ప్రశ్నలే దారి చూపించాయి. వాళ్ళు ఏం తిన్నారు? ఎన్ని గంటలు నిద్రపోయారు? కాళ్ళకి జోళ్ళున్నాయా? పిల్లలు ఎవరి పక్కలో పడుకున్నారు?

తెలుగు పాఠకులకి ఆ బానిసత్వం ఎక్కువగా ‘ఏడు తరాలు’ వల్ల తెలుసు. అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన ‘రూట్స్’ని సహవాసి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చు వేసింది. అది చదివినవాళ్ళెవరూ అందులోని బానిస కుంటా కింటే పాదం నరికిన ఘట్టం మరిచిపోరు. ఓడ అడుగున గొలుసులు, వేలంపాట, కొరడా మన మనసుల్లో ముద్ర పడిపోయాయి. పడాల్సినవే. అయితే ఒక కొరడా దెబ్బకీ ఇంకో కొరడా దెబ్బకీ మధ్య రోజులున్నాయి, వారాలున్నాయి, ఏళ్ళున్నాయి. ఆ రోజుల్లో కూడా క్రూరత్వం ఆగలేదు. తిండి కొలిచే చోట, నిద్ర లేపే చోట, పత్తి తూచే చోట అది తన పని తాను చేసుకుంటూ పోయింది. మనిషికి తనదంటూ ఒక గంట, ఒక ముద్ద, ఒక పిల్ల కూడా మిగలకుండా చూడటమే ఆ వ్యవస్థ పని అని నేను నమ్ముతున్నాను. కొరడా ఆ ఏర్పాటుకి కాపలా కాసింది.

1860 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో బానిసలు 39,53,760 మంది. వాళ్ళలో చాలా చాలా మంది తమ గురించి ఒక్క మాటా రాసుకోలేకపోయారు. చదువు నేర్పడమే నేరమన్న చట్టాలు దక్షిణాది రాష్ట్రాల్లో ఉండేవి. ఆ గోడ దాటి వచ్చి తమ బతుకు తామే చెప్పినవాళ్ళలో ముగ్గురి వెంట ఇవాళ నడుద్దాం.

మొదటివాడు ఫ్రెడరిక్ డగ్లస్. మేరీలాండ్ రాష్ట్రంలో పుట్టాడు, 1838లో తప్పించుకున్నాడు, 1845లో ఆత్మకథ అచ్చువేశాడు. ఆయన తన పుస్తకంలో రేషను ఇంత అని లెక్క రాసిపెట్టాడు. పొలంలో పనిచేసే పెద్దవాళ్ళకి నెలకి 8 పౌన్ల పందిమాంసం, లేదంటే దానికి సరిపడా చేపలు, ఒక బుషెల్ మొక్కజొన్న పిండి. 8 పౌన్లంటే మన లెక్కలో నాలుగు కిలోలకి కాస్త తక్కువ. పొద్దు పొడవకముందు నుంచి పొద్దుగూకేదాకా ఒళ్ళు వంచే మనిషికి నెల మొత్తానికి దక్కే మాంసం అది. బట్టలు ఏడాదికోసారి: రెండు ముతక చొక్కాలు, ఎండాకాలానికో లాగు, చలికాలానికో లాగు, ఒక కోటు, ఒక జత మేజోళ్ళు, ఒక జత బూట్లు.

పొలం పనికి రాని చిన్నపిల్లలకి బూట్లు లేవు, కోటు లేదు, లాగు లేదు. ఏడాదికి రెండు ముతక చొక్కాలు, అంతే. అవి చిరిగిపోతే మళ్ళీ బట్టలు పంచే రోజు దాకా పిల్లలు దిసమొలతో తిరిగారు. మంచు పడే చోట. డగ్లస్‌కి చలికాలంలో పడుకోవడానికి పరుపు లేదు, కంబళి లేదు. మొక్కజొన్నలు మరకి మోసుకెళ్ళే గోనెసంచి ఒకటి దొంగిలించి తల లోపలికి దూర్చి మట్టి నేల మీద పడుకునేవాడు. పాదాలు బయటే ఉండిపోయేవి. చలికి అవి ఎంతగా పగిలాయంటే, పెద్దయ్యాక ఆ పుస్తకం రాస్తున్న కలం ఆ పగుళ్ళలో పట్టేదని చెప్పుకున్నాడు. తిండి వేళకి ఉడికించిన మొక్కజొన్న గటక ఒక చెక్క తొట్టిలో పోసి నేల మీద పెట్టేవారు. పిల్లలంతా పరుగున వచ్చి, కొందరు ఆల్చిప్పలతో, కొందరు పెంకు ముక్కలతో, కొందరు ఉత్త చేతుల్తో జుర్రుకునేవారు. ఎవరు త్వరగా తింటే వాళ్ళకి ఎక్కువ. కడుపు నిండి లేచినవాళ్ళు తక్కువ.

పక్కబట్టలు లేకపోవడం కంటే నిద్రపోవడానికి వేళ లేకపోవడమే పెద్దవాళ్ళకి ఎక్కువ బాధ అంటాడాయన. నేను ఆ మాట దగ్గర చాలాసేపు ఆగాను. పొలం పని అయ్యాక ఉతుక్కోవాలి, కుట్టుకోవాలి, వండుకోవాలి. అవన్నీ అయ్యేసరికి రాత్రిలో సగానికి పైగా పోతుంది. తెల్లవారకముందే కొమ్ముబూర ఊదుతారు. అది వినబడనివాడి గతి ఏమిటో ఓవర్సీరు చేతిలోని కర్ర చెబుతుంది.

ఆయన తల్లి పేరు హ్యారియెట్ బెయిలీ. పన్నెండు మైళ్ళ దూరంలో వేరే చోట పని చేసేది. పగలంతా పొలంలో ఒళ్ళు హూనమయ్యాక ఆ పన్నెండు మైళ్ళూ నడిచి వచ్చి పిల్లవాడి పక్కన పడుకుని, వాడు నిద్ర లేచేలోపే వెనక్కి వెళ్ళిపోయేది. పొద్దున్నే పొలంలో లేకపోతే కొరడా. అలా డగ్లస్ తన తల్లిని చూసింది నాలుగైదుసార్లు, అదీ చీకట్లో. పగటి వెలుగులో ఆమె ముఖం చూసిన గుర్తు ఆయనకి లేదు. ఆయనకి ఏడేళ్ళ వయసప్పుడు ఆమె పోయింది. ఆ కబురు తనకి ఎవరో పరాయి మనిషి చావులాగే తోచిందని రాశాడు. ఆ తల్లిని ఎవరూ గొలుసుతో కట్టలేదు, ఆ పిల్లవాణ్ణి అప్పటికి ఎవరూ అమ్మలేదు. పని వేళలతోనే వాళ్ళిద్దరినీ ఒకరికొకరు కాకుండా చేశారు.

రెండోవాడు సాలమన్ నార్తప్. న్యూయార్క్ రాష్ట్రంలో స్వతంత్రుడిగా పుట్టాడు, భార్యాపిల్లలున్నవాడు, ఫిడేలు వాయిస్తాడు. 1841లో ఇద్దరు మనుషులు పని ఇప్పిస్తామని వాషింగ్టన్ దాకా తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి మాయమై లూయిజియానా పత్తి చేలల్లో తేలాడు. 1853 జనవరిలో బయటపడ్డాడు. అదే ఏడు ‘ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్’ రాశాడు. దాన్ని 2013లో సినిమాగా తీశారు, మీలో చాలామంది చూసే ఉంటారు. సినిమాలో పూర్తిగా పట్టనిది ఆ పుస్తకంలో ఒకటుంది. పత్తి తూకం.

కొత్తగా చేలోకి దిగినవాణ్ణి మొదటిరోజు కొరడాతో తరుముతూ వాడు ఎంత వేగంగా ఏరగలడో అంత వేగంగా ఏరిస్తారు. సాయంత్రం తూస్తారు. ఆ తూకమే వాడి కొలత. ఇక బతికినన్నాళ్ళూ రోజూ అంత తేవాలి. మామూలు మనిషికి రోజుకి 200 పౌన్లు, అంటే దాదాపు 90 కిలోలు. మన వరంగల్, గుంటూరు చేలల్లో పత్తి ఏరిన ఆడవాళ్ళకి ఆ బరువు గురించి చెప్పక్కర్లేదు. ఎండిన గుల్లల కొసలు వేళ్ళని ఎలా చీరుతాయో, వంగిన నడుం సాయంత్రానికి ఎలా పట్టేస్తుందో వాళ్ళకి తెలుసు. కానీ మన కూలి మనిషి నాలుగు కిలోలు ఎక్కువ ఏరితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి. నార్తప్ చెప్పే చోట నాలుగు కిలోలు ఎక్కువ ఏరితే రేపటి నుంచి ఆ ఎక్కువే వాడి కొలత. తక్కువైతే ఇవాళే దెబ్బలు.

అందుకే ఎంత అలసిపోయినా, ఎంత ఆకలేసినా, బుట్ట మోసుకుంటూ పత్తి తూచే జిన్ను కొట్టు వైపు నడిచే మనిషి గుండె దడదడలాడుతూనే ఉండేదంటాడాయన. తక్కువ వస్తుందేమోనని భయం. ఎక్కువ వస్తుందేమోనని కూడా భయం. మనిషి చేతిలోని నైపుణ్యాన్నే వాడి మీదికి ఉసిగొల్పడం కంటే హీనమైన ఏర్పాటు నాకు తోచదు. తూకం అయ్యాక ఒకరు కంచరగాడిదలకి మేత వెయ్యాలి, ఒకరు పందులకి పెట్టాలి, ఒకరు కట్టెలు కొట్టాలి. తర్వాత గుడిసెకి వెళ్ళి పొయ్యి రాజేసి, చిన్న తిరగలిలో మొక్కజొన్నలు విసురుకుని, ఆ పిండి నీళ్ళతో కలిపి బూడిదలో కాల్చుకుని తిని, రేపు మధ్యాహ్నానికి కూడా సిద్ధం చేసుకోవాలి. అప్పటికి అర్ధరాత్రి. నార్తప్ పడుకున్నది పన్నెండు అంగుళాల వెడల్పున్న పలక మీద, తలకింద ఒక కట్టెముక్క. అక్కడా భయమే: పొద్దున్న బూర వినబడకుండా నిద్ర పట్టేస్తుందేమోనని.

ఆ చేలో పాట్సీ అనే అమ్మాయి ఉండేది. పత్తి ఏరడంలో ఆమెకి సాటి లేదు. రోజుకి 500 పౌన్లు తెచ్చేది. మగవాళ్ళెవరూ ఆమెని అందుకోలేకపోయారు. ఆమె యజమాని ఎడ్విన్ ఎప్స్‌కి ఆమె మీద కన్ను, అతని భార్యకి ఆమె మీద కక్ష. ఒక ఆదివారం పాట్సీ పక్క తోటకి వెళ్ళి ఒక సబ్బుముక్క తెచ్చుకుంది. ఒంటికి పట్టిన చెమట కంపు తనకే కడుపులో తిప్పేదట. అందరికీ ఇచ్చే సబ్బు ఆమె ఒక్కదానికి ఇవ్వకుండా యజమానురాలు ఆపేసింది. తిరిగొచ్చిన పాట్సీ ఆ సబ్బు చూపించి నిజం చెప్పినా ఎప్స్ నమ్మలేదు. ఆమెని నేల మీద బోర్లా పడుకోబెట్టి నాలుగు మేకులకి కట్టించి, కొరడా నార్తప్ చేతికే ఇచ్చి కొట్టమన్నాడు. నార్తప్ ఇక కొట్టనని కొరడా పారేశాక ఎప్స్ తానే అందుకున్నాడు. ఆ దెబ్బల గురించి చాలామంది రాశారు. నేను ఆ సబ్బు దగ్గర ఆగమంటాను. చేలో అందరికన్నా ఎక్కువ పత్తి ఏరిన మనిషి ఒళ్ళు కడుక్కోవడానికి పక్క తోటకి వెళ్ళి అడుక్కోవలసి వచ్చింది. ఆ కొరడా అక్కడే మొదలైంది.

మూడో మనిషి హ్యారియెట్ జేకబ్స్, నార్త్ కరోలినాలోని ఈడెన్‌టన్ ఊరిది. 1861లో పుస్తకం అచ్చువేసింది, తన పేరు, ఆ ఊళ్ళో అందరి పేర్లు మార్చి. చేల కంటే ఇంటి పని సుఖమని అనుకునేవాళ్ళుంటారు. వాళ్ళు ఈమె చెప్పిన వంటిల్లు చూడాలి. ఆదివారం భోజనం ఆలస్యమైతే ఇంటావిడ వంటింట్లోనే నిలబడేది. వడ్డన అయ్యేదాకా ఆగి, తర్వాత వండిన గిన్నెలన్నింటిలో ఉమ్మేసేది. అడుగు బొడుగు పులుసు గీక్కుని వంటమనిషి, ఆమె పిల్లలు తింటారేమోనని. పిండి, మాంసం రోజుకి మూడుసార్లు తూచి ఇచ్చేది. ఇంత పిండికి ఎన్ని రొట్టెలవుతాయో ఆవిడకి లెక్క తెలుసు. చర్చికి వెళ్ళి వచ్చిన మనిషే.

ఒక ఫిబ్రవరిలో మంచు కురిసింది. హ్యారియెట్ అమ్మమ్మ ఆమెకి కొత్త బూట్లు కొనిచ్చింది. అవి నడుస్తుంటే కిర్రుమన్నాయి. ఆ చప్పుడు తనకి చిరాకని యజమానురాలు వాటిని విప్పించి, మళ్ళీ వేసుకుంటే నిప్పుల్లో వేస్తానంది. ఆ వెంటనే మంచులో వట్టి కాళ్ళతో చాలా దూరం ఒక పని మీద పంపింది. ఆ రాత్రి పిల్లకి గొంతు బొంగురుపోయింది, జ్వరం వస్తుందనుకుంది. ఇందులో యజమానికి కలిసొచ్చిందేమీ లేదు. పత్తి పెరగలేదు, డబ్బు రాలేదు. ఒక పిల్ల కాలికి బూటుంటే ఓర్చుకోలేకపోవడం ఒక్కటే ఇందులో కనిపిస్తుంది. బానిసత్వం కేవలం లాభం కోసం నడిచిందనేవాళ్ళకి ఈ బూట్ల కథ నేను అడ్డం పెడతాను.

అదే అమ్మమ్మ, ఊళ్ళో పేరున్న వంటమనిషి, పగటి పనంతా అయ్యాక రాత్రిళ్ళు బిస్కెట్లు కాల్చి అమ్ముకుని 300 డాలర్లు కూడబెట్టింది, పిల్లల్ని కొనుక్కుందామని. యజమానురాలు ఆ డబ్బు అప్పుగా తీసుకుంది. తిరిగి ఇవ్వలేదు. బానిసకి రాసిచ్చిన మాట చట్టంలో చెల్లదు.

హ్యారియెట్ యజమాని చెర తప్పించుకోవడానికి ఆ అమ్మమ్మ ఇంటి కొట్టం కప్పు కింద అటక మీద దాక్కుంది. తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఎత్తు ఎక్కువున్న చోట మూడడుగులు. అక్కడ దాదాపు ఏడేళ్ళు ఉంది. గోడకి చిన్న రంధ్రం చేసి, వీధిలో ఆడుకుంటున్న తన పిల్లల్ని చూసింది. పిలవలేకపోయింది. ఇంత చెప్పుకున్న మనిషిని ఆ తర్వాత వందేళ్ళకి పైగా చాలామంది చరిత్రకారులు నమ్మలేదు. అది ఎవరో తెల్ల రచయిత్రి కల్పన అనుకున్నారు. జీన్ ఫేగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు ఉత్తరాలు, దస్తావేజులు వెతికి 1980ల్లో నిజం నిలబెట్టింది.

ఈ మనుషుల యజమానులందరూ పుట్టు రాక్షసులా? డగ్లస్ దానికి జవాబిచ్చాడు. బాల్టిమోర్‌లో ఆయన వెళ్ళిన ఇంట్లో సోఫియా ఆల్డ్ అనే ఆవిడకి అంతకుముందు బానిసలు లేరు. నేత పని చేసుకుని బతికిన మనిషి. ఈ పిల్లవాణ్ణి చూసి నవ్వింది, అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. భర్త ఆపాడు: చదివితే బానిసగా పనికిరాడన్నాడు. ఆవిడ కొన్నాళ్ళలోనే మారిపోయింది. వాడి చేతిలో వార్తాపత్రిక కనిపిస్తే మీదపడి లాక్కునేంత కోపం నేర్చుకుంది. ఒక మంచి మనిషిని అలా తయారుచేయడానికి ఒక పిల్లవాణ్ణి ఆమె సొత్తుగా చేతిలో పెడితే చాలింది.

తర్వాత డగ్లస్ ఓడల కార్ఖానాలో పని నేర్చి రోజుకి డాలరున్నర సంపాదించాడు. ప్రతి శనివారం ఆ డబ్బంతా యజమానికి అప్పజెప్పాలి. ఆరు డాలర్లు తెచ్చి ఇచ్చినప్పుడు ఒక్కోసారి ఆరు సెంట్లు వెనక్కి ఇచ్చి హుషారు చెయ్యాలని చూసేవాడు యజమాని. తన జీతం మొత్తం తనకే చెందాలని యజమానే ఒప్పుకున్నట్టుగా డగ్లస్‌కి ఆ ఆరు సెంట్లు కనబడ్డాయి.

చట్టం గురించి రెండు మాటలే. 1662లో వర్జీనియా శాసనసభ పిల్లల స్థితి తల్లిని బట్టి ఉంటుందని తీర్మానించింది. దాంతో యజమాని బలవంతం చేసి కన్న బిడ్డ కూడా అతని సొత్తే అయింది. 1840ల చివర్లో థామస్ అఫ్లెక్ అనే ఆయన తోటల కోసం అచ్చు లెక్కల పుస్తకాలు అమ్మాడు. వాటిలో ఒక్కో మనిషి రోజుకి ఎన్ని పౌన్ల పత్తి ఏరిందీ రాసే గళ్ళున్నాయి. ఏడాది మొదట్లో ఒక్కో మనిషి ధర, ఏడాది చివర ధర వేసుకునే గళ్ళూ ఉన్నాయి. చంటిబిడ్డ కూడా ఒక ధరతోనే ఆ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ గళ్ళు నింపింది రౌడీలు కాదు, చదువు, లెక్కలు వచ్చిన మనుషులు.

రద్దు కాలంలోనూ ఆ లెక్కే సాగింది. బానిసత్వం రద్దు చేసిన 1833 చట్టం కింద బ్రిటిష్ ప్రభుత్వం 2 కోట్ల పౌండ్లు పరిహారం ఇచ్చింది, యజమానులకి. బానిసలకి దమ్మిడీ రాలేదు. మారిషస్‌లో ఆ చట్టంతో విడుదలైన బానిసలు వదిలిన చెరకు తోటల్లోకి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళలో మన కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ వాళ్ళకి కోరంగులనే పేరు పడింది. అమెరికాలోనూ అంతే. 1862 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నగరంలో బానిసత్వం రద్దు చేసినప్పుడు ఒక్కో మనిషికి 300 డాలర్ల వరకు యజమానులకే చెల్లించారు. విముక్తులైనవాళ్ళు దేశం విడిచి వెళ్తామంటే వాళ్ళకి 100 డాలర్ల వరకు ఇస్తామన్నారు.

1865 డిసెంబరులో పదమూడో సవరణతో దేశమంతటా రద్దయింది. ఆ వెంటనే ఆ మనుషులు ఏం చేశారో చూడండి. తమ వాళ్ళని వెతుక్కున్నారు. అంతకుముందు అర్ధ శతాబ్దంలో దాదాపు పది లక్షల మందిని ఎగువ రాష్ట్రాల నుంచి పత్తి రాష్ట్రాలకి తరలించారు, అమ్మి కొందరిని, యజమానుల వెంట కొందరిని. తల్లి ఒక రాష్ట్రంలో, పిల్లలు నాలుగు రాష్ట్రాల్లో. నల్లవాళ్ళ చర్చి పత్రికల్లో ప్రకటనలు రావడం మొదలయ్యాయి. న్యూ ఓర్లియన్స్‌లోని ‘సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వకేట్’ 1870ల చివరి నుంచి వీటికోసం ఒక శీర్షికే నడిపింది. చందాదారులు కానివాళ్ళు 50 సెంట్లు కట్టాలి. ఆదివారం ప్రార్థనల్లో ఈ ప్రకటనలు పైకి చదివి వినిపించమని పాస్టర్లని కోరేవారు.

ఆ ప్రకటనలు ఇప్పుడు వేల సంఖ్యలో అందుబాటులో ఉన్నాయి. నేను చదివినవాటిలో ఒక పద్ధతి కనబడుతుంది. ముందు తల్లి పేరు. తర్వాత ఆమె ఎవరి సొత్తుగా ఉండేదో, ఆయన ఎవరికి అమ్మాడో, వాళ్ళు మళ్ళీ ఎవరికి అమ్మారో. తర్వాత అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పేర్లు వరసగా. చివరిసారి చూసిన ఊరు. విడిపోయినప్పుడు తన వయసు ఎంతో. బిడ్డ ఇంటిపేరు ఏ యజమానిదో తల్లికి తెలియదు, తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుందో లేదో బిడ్డకి తెలియదు. అయినా ముప్పై, నలభై ఏళ్ళ తర్వాత కూడా ఎంతోమంది ఆ పేర్లు వరసగా చెప్పారు. చదువు రానివాళ్ళు ఎవరిచేతనో రాయించారు. 1900 దాటాక కూడా ఇవి అచ్చవుతూనే వచ్చాయి. కలుసుకున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వెతికినవాళ్ళలో ఎక్కువమందికి జవాబు రాలేదు.

ఈ సభ ముందు నాదొక విన్నపం ఉంది. మన హైస్కూలు పిల్లల్లో చాలామందికి లింకన్ పేరు తెలుసు. ఆ పేరు పక్కన ఈ ప్రకటనల్లో ఒక పాతిక తెలుగులోకి తెచ్చి పెట్టాలి. డగ్లస్ చిన్ననాటి అధ్యాయాలు, నార్తప్ పత్తి తూకం అధ్యాయం, జేకబ్స్ బూట్ల ఘట్టం వాటితో కలిపి వంద పేజీల చిన్న పుస్తకం అవుతుంది. అనువాదకులు మనకి ఉన్నారు. ఈ స్మారక సంఘం పూనుకుంటే వచ్చే ఏడు ఇదే రోజుకి ఆ పుస్తకం పిల్లల చేతుల్లో ఉంటుంది. నా వంతుగా ఆ ప్రకటనలు ఎంపిక చేసి ఇస్తాను.